మోగని పదిహేనో గంట

మనీలాలో బాక్సర్ జో ఫ్రేజియర్ ఓడిపోతాడని తెలుసు. తెలిసీ ఆ పోరును మళ్లీ చూస్తాం. చూసిన ప్రతిసారీ, ఆ ఎడమచేతి హుక్ ఇంకొక్కటి తగిలితే బావుండునని మనసు కొట్టుకుంటుంది.

1975 అక్టోబర్ 1. అమెరికా టీవీ వేళల కోసం పొద్దుటిపూట పెట్టిన పోటీ. అరనేటా కొలీజియం ఉక్కతో ఉడికిపోతోంది. ఎదురుగా మహమ్మద్ అలీ. బాక్సింగ్ లైసెన్సు పోయి తిరిగిన రోజుల్లో అతని చేతిలో డబ్బు పెట్టింది ఫ్రేజియరే. మళ్లీ ఆడనివ్వమని పెద్దలను అడిగిందీ ఫ్రేజియరే. ఆ అలీయే కెమెరాల ముందు రబ్బరు బొమ్మను గుద్దుతూ అతన్ని గొరిల్లా అన్నాడు. అందరూ నవ్వారు. సౌత్ కరోలినాలో పాలికాపు ఇంట పుట్టి, ఫిలడెల్ఫియా కబేళాలో చెమటోడ్చి, 1964లో టోక్యో నుంచి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన మనిషి ఫ్రేజియర్. ఆ నవ్వు ఎంత లోతున దిగిందో! ఆ ఒక్క మాట అనకపోతే ఏం పోయేది?

మొదటి రౌండ్లు అలీవి. నడిమి రౌండ్లలో ఫ్రేజియర్ తల వంచుకుని లోపలికి చొరబడి, పక్కటెముకలు అదిరేలా కొట్టాడు. 1971లో న్యూయార్క్‌లో అలీని నేలకూల్చిన ఎడమ చెయ్యి అది. కానీ అతని ఎడమ కంటికి ఏనాటి నుంచో శుక్లం. లోకానికి తెలియకుండా దాచుకున్నాడు. ఇప్పుడు కుడి కన్ను కూడా వాచి మూసుకుపోతోంది. పదమూడో రౌండ్‌లో మౌత్‌గార్డ్ ఎగిరి జనంలో పడింది. పద్నాలుగులో అలీ కుడిచేతి దెబ్బలు ఎటునుంచి వస్తున్నాయో అతనికి కనబడలేదు. అయినా ముందుకే నడిచాడు.

మిగిలింది పదిహేనో రౌండ్, మూడు నిమిషాలు. లేస్తానన్నాడు ఫ్రేజియర్. శిక్షకుడు ఎడ్డీ ఫచ్ లేవనివ్వలేదు. రింగ్‌లో దెబ్బలు తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లను చూసిన మనిషి ఆయన. ఆయన చేసింది న్యాయమే అంటాను. అంటూనే ఆ మూడు నిమిషాల కోసం ఏడుపొస్తుంది. ఎందుకంటే అవతలి మూల అలీ కూడా అయిపోయాడు. గెలిచాడని తెలిశాక లేచి, అక్కడే కుప్పకూలాడు. చావుకు అంత దగ్గరగా తానెన్నడూ పోలేదన్నాడు తర్వాత. ఆ గెలుపును గొప్పది చేసిన చేతులు ఫ్రేజియర్‌వి.

2011లో కాలేయ క్యాన్సర్‌తో ఫ్రేజియర్ పోయినప్పుడు, పార్కిన్సన్స్‌తో కుంగిన అలీ ఫిలడెల్ఫియా వచ్చి అంత్యక్రియల్లో కూర్చున్నాడు. మనీలాలోనూ రాజీకి ఒక అవకాశం వచ్చింది. పోరు ముగిశాక ఫ్రేజియర్ కొడుకును పిలిచి, మీ నాన్నను అన్న మాటలు మనసులోంచి వచ్చినవి కావని చెప్పమన్నాడు అలీ. కొడుకు వచ్చి చెప్పాడు. ఆ మాట తనకే వచ్చి చెప్పొచ్చు కదా అన్నాడు ఫ్రేజియర్.