చిక్కబళ్ళాపుర సీమలో కేశరక్షణము: శాస్త్రము, గృహాచారము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు 2007 వరకు కోలారు జిల్లాలోనివి. ఆ సంవత్సరమున చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యైనది. కైవారము నారాయణ తాతయ్య తెలుగు కన్నడములు రెంటను కీర్తనలు పాడిన యీ సీమలో ఓషధులకును రెండేసి పేర్లు గలవు. తెలుగువారి గుంటగలగర కన్నడమున గరుగద సొప్పు, ఉసిరిక నెల్లికాయి, కుంకుడు అంటువాళకాయి. పేర్లు వేరైనను వీని వాడుకకు ఆధారమైన ఆయుర్వేద మొక్కటియే.

ఆ శాస్త్రము జుట్టు రాలుట నంతయు ఒకే వ్యాధిగా నెంచలేదు. రోమకూపములందలి పిత్తము వాతముతో గూడి వెండ్రుకలను రాల్చుననియు, పిదప కఫము రక్తముతో గూడి ఆ కూపములను మూయుననియు సుశ్రుతుడు చెప్పెను. ఇది ఇంద్రలుప్తము. క్రమక్రమముగా రాలెడి ఖలతిని వాగ్భటుడు అష్టాంగహృదయమున దానినుండి వేరుచేసెను. త్రిదోషములవలన గలిగి గోరువలె నునుపైన ఖలతి అసాధ్యమని నిర్ణయించెను.

చికిత్సయందును మర్యాద గలదు. తైలపాకమునకు కల్కము 1 పాలు, నూనె 4 పాళ్ళు, ద్రవము 16 పాళ్ళు అని శార్ఙ్గధరుని సామాన్య నియమము. గుంటగలగర రసమును నువ్వులనూనెలో నీరింకువరకు కాచుట ఈ పద్ధతికి చెందినదే. ఇంద్రలుప్తమునకు సుశ్రుతుడు చెప్పిన గురిగింజల లేపము మాత్రము విషద్రవ్యముతో గూడినది. అది ఇంటివైద్యమునకు తగదు.

నేటి వైద్యమును ఈ భేదములను పాటించుచున్నది. ప్రసవమైన పిదపను, తీవ్రజ్వరము తగ్గిన పిదపను 2, 3 నెలలకు జుట్టు విశేషముగా రాలుట కలదు. అది చాలవరకు తనంతట తానే కుదుటబడును. కీర్తి మాత్రము అప్పుడు రాచిన నూనెకు దక్కును. రక్తహీనత, థైరాయిడ్ దోషముల వలన రాలునప్పుడు తలకు రాచిన తైలము మూలమును తాకజాలదు. వంశానుగతమైన బట్టతల మరియొక తెగ. గుంటగలగర ఎలుకలలో రోమవృద్ధిని గలిగించినట్లు ప్రయోగములు తెలిపినవి గాని, మనుష్యుల విషయమున నిదర్శనము చాలదు.

కావున తైలాభ్యంగమును, కుంకుడు స్నానమును తలను శుభ్రముగ, మృదువుగ నుంచు ఆచారములుగా నిలుపుకొనవచ్చును. జుట్టు హఠాత్తుగా రాలినను, మచ్చలు మచ్చలుగా ఊడినను ముందుగా వైద్యునిచే కారణము తెలిసికొనవలెను. ఎల్లర తలలపైనను జుట్టు మొలిపింతుమను నేటి ప్రకటనలకు శాస్త్రము పేరు వాడుకొను హక్కు లేదు. సాధ్యమేదో అసాధ్యమేదో ఆ శాస్త్రమే ముందుగా చెప్పియున్నది.