బరువు ఎత్తితే కండరంలో ఏం జరుగుతుంది?

అరవై దాటాక బరువులెత్తడం ఏమిటని మనలో చాలామంది అనుకుంటాం. నేల మీద కూర్చుని లేవడానికి ఎవరో ఒకరు చేయి అందించాల్సి వస్తే ‘వయసు మరి’ అని సరిపెట్టుకుంటాం. వయసుతో కండ తగ్గే మాట నిజమే. కానీ పని చెప్పకపోవడం వల్ల తగ్గేదీ తక్కువేమీ కాదు. దాన్ని ఈ వయసులోనూ చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు.

కండర కణం

ఎముకలను కదిలించే అస్థి కండరంలో ఒక్కో కణం సన్నని పొడవాటి దారంలా ఉంటుంది. దాన్నే కండర తంతువు అంటారు. చాలా కణాల్లో ఒకే కేంద్రకం ఉంటే, ఇందులో అనేకం ఉంటాయి. లోపల ఏక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారడం వల్ల కండరం ముడుచుకుంటుంది.

సాధనతో వచ్చే మార్పులు

తొలి వారాల్లో బలం పెరిగినంతగా కండ పెరగదు. మెదడు, నరాలు ఎక్కువ తంతువులను ఒకేసారి పనిలోకి దించడం నేర్చుకోవడమే ఇందుకు ముఖ్య కారణం. ఆ తర్వాత కండ పెరగడం కనిపిస్తుంది. బరువు వల్ల పడే ఒత్తిడిని తంతువు గుర్తించి ప్రోటీన్ల తయారీని పెంచుతుంది. ముఖ్యంగా తంతువులు లావవుతాయి, వాటి సంఖ్య పెరగడం వల్ల కాదు.

తంతువుల అంచున నిద్రాణంగా ఉండే శాటిలైట్ కణాలను అలెగ్జాండర్ మౌరో 1961లో వర్ణించారు. ఇవి మేల్కొని, విభజన చెంది, తంతువులో కలిసి కొత్త కేంద్రకాలను అందిస్తాయి. దెబ్బతిన్నచోట మరమ్మతూ చేస్తాయి.

పెద్దవారి సంగతి

వయసుతో ఎక్కువగా సన్నబడేవి వేగంగా ముడుచుకునే తంతువులు. కాలు తట్టుకున్నప్పుడు పడిపోకుండా నిలదొక్కుకోవడానికి అక్కరకొచ్చేవి అవే. 1990లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, వృద్ధాశ్రమంలో ఉన్న సగటున 90 ఏళ్ల వారు ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తారు. వారి కాళ్ల బలం సగటున 174 శాతం, తొడ కండ 9 శాతం పెరిగాయి.

ఆచరణలో

వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం మంచి ఆరంభం. సులువనిపించాక కొద్దికొద్దిగా పెంచాలి. మధ్యలో ఒక రోజు విరామం ఇవ్వాలి. ఊపిరి బిగబట్టకూడదు. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి ప్రమాణం. 60 కిలోల వారికి సుమారు 50 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు మన వంటింట్లో ఉన్నవే. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన మేరకే తినాలి.

సాధన మానేస్తే పెరిగిన కండ మళ్లీ తగ్గుతుంది. మన సంఘాల భవనాల్లో కుర్చీలకు కొదవ లేదు. సభ మొదలయ్యేలోపు నాలుగుసార్లు లేచి కూర్చుంటే పోయేదేముంది?