నిద్రపోని కాళ్ళు - మందుల తూకము

మల్దకల్ తిమ్మప్ప జాతరకు కాలినడకన పోయి వచ్చినవారికి ఆ రాత్రి కాళ్ళు గుంజుట వింత కాదు. ఒక రాత్రి ఒడలెఱుగక నిద్రించినచో ఆ నొప్పి తీరిపోవును. కాని విశ్రాంతి వేళనే పుట్టి, నడచినప్పుడు తగ్గెడి బాధ యొకటి కలదు. పగలెల్ల పనిచేసి పడక చేరగానే పిక్కలలో చీమలు ప్రాకినట్లు, లోలోపల ఎవరో లాగినట్లు తోచును. కాళ్ళు కదపక యుండలేని తహతహ కలుగును. లేచి నాలుగడుగులు నడచినచో శమించును. పండుకొన్నచో మరల మొదలగును. ఇంటివారు దీనిని వాతమనియో, నరాల బలహీనత యనియో తలచి ఊరకుందురు. వైద్యులు దీనిని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అందురు. దీనికి మందులు కలవు. అయితే వాటి వలన మేలెంత, కీడెంత యను ప్రశ్నకు సమాధానము ఒక్కనాట తేలినది కాదు. ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

ఇంగ్లండు దేశపు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లో ప్రచురించిన లాటిన్ గ్రంథములో ఈ బాధను మొదట వర్ణించెను. ఆనాడు ఆయన చేతనున్న మందు నల్లమందు ద్రావకము. అది నిద్ర నిచ్చును; కాని నల్లమందు అలవాటైన పిదప మనిషిని విడువదని మన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ రోగపు మొదటి మందులోనే మేలును కీడును కలసియుండెను.

తరువాత చాలకాలము ఈ బాధను పట్టించుకొన్నవారు తక్కువ. 1945లో స్వీడన్ దేశపు నరముల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ ఎందరో రోగులను పరిశీలించి దీనికి ప్రత్యేక వ్యాధిగా స్థానము కల్పించెను. గర్భిణులలోను, ఇనుము కొరవడినవారిలోను ఇది హెచ్చుగా నుండుట అప్పుడే గమనింపబడెను. 1953లో ఆ దేశపువాడే యగు నార్డ్‌లాండర్ ఇనుమును రక్తనాళము ద్వారా ఎక్కించి ఫలితము పొందెను. కాని ఈ మార్గము వెనుకబడి, మరియొక మందు ముందునకు వచ్చెను.

ఆ మందు లీవోడోపా. మన కంచెల మీద అల్లుకొని, ముట్టినవారిని దురదతో వేధించు దూలగొండి గింజలలో ఈ పదార్థము కలదని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అను పరిశోధకులు వేరుచేసి చూపిరి. మెదడులో కదలికలను నడపు డోపమిన్ దీనినుండి తయారగును. 1960 దశకమున ఇది పార్కిన్సన్ వ్యాధికి మందయ్యెను. 1982లో టర్కీ వైద్యుడు అక్పినార్ దీనిని కాళ్ళ తహతహకును వాడి ఫలితము చూపెను. ఏండ్ల తరబడి నిద్రలేనివారు మొదటి రాత్రులలోనే నిద్రించిరి. ఇంతకు మించిన మందేల యనిపించుట సహజమే.

కాని 1996లో ఒక విపరీతము వెల్లడియయ్యెను. మందు వాడగా వాడగా, రాత్రి వచ్చెడి బాధ సాయంకాలమునకు, సాయంకాలమునుండి మధ్యాహ్నమునకు జరిగెను. కాళ్ళనుండి చేతులకు ప్రాకెను. మోతాదు పెంచినచో కొన్నాళ్ళు తగ్గి, మునుపటికన్న హెచ్చెను. రోగము ముదిరినదని తలచి మందు పెంచుచుండగా, ఆ మందే రోగమును ముదిరించుచుండెను. డోపమిన్ పనిని అనుకరించు రోపినిరోల్‌కు 2005లో, ప్రమిపెక్సోల్‌కు 2006లో అమెరికా ప్రభుత్వము ఈ రోగమునకు అనుమతి నిచ్చెను. ఏండ్లు గడచిన కొలది వీటిలోను అదే దోషము కనబడెను. మరికొందరిలో జూదము, మితిమీరిన కొనుగోళ్ళు, ఆపుకొనలేని తిండి పుట్టెను. అది మందు వలన కలిగినదని తెలియక సిగ్గుతో దాచుకొన్నవారును కలరు.

తొలి ఫలితము చూచి తుది తీర్పు చెప్పుట ఎంత ప్రమాదమో మన హైదరాబాదు చరిత్రయే చెప్పును. గద్వాల సంస్థానము నిజాము ఏలుబడిలో నున్న ఆ కాలమున, 1888, 1889 సంవత్సరములలో, డాక్టరు ఎడ్వర్డ్ లారీ పూనికతో హైదరాబాదులో క్లోరోఫారముపై రెండు విచారణ సంఘములు జంతువులపై ప్రయోగములు జరిపెను. రెండవదానికి నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయము చేసెను. ముందు ఆగునది శ్వాసయే, గుండె కాదు. శ్వాసను కనిపెట్టియున్నచో భయము లేదని అవి తేల్చెను. కాని క్లోరోఫారము గుండెను హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ ప్రయోగములతో చూపెను. శ్రద్ధగా తూచినవారికే తూకము తప్పెను. అనగా తూచుట ఒక్కసారితో ముగియునది కాదు.

కాళ్ళ రోగపు మందులను వైద్యులు అట్లే మరల తూచిరి. 2025లో అమెరికా నిద్రావైద్య సంఘము ప్రకటించిన సూచనలలో డోపమిన్ మందులు మొదటి స్థానము కోల్పోయినవి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ముందునకు వచ్చినవి. వీటికి రోగమును ముదిరించు గుణము కానరాకున్నను మత్తు, తలతిరుగుట కలవు. రాత్రి లేచు వృద్ధులు పడిపోవచ్చును. ఊపిరి జబ్బు కలవారికి మరింత జాగ్రత్త కావలెను.

అన్నిటికన్న ముందు ఇనుము చూడవలెనని ఆ సూచనల సారము. 1953నాటి మార్గము మరల తెరచుకొన్నది. ఇది మనకు ముఖ్యము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత కనబడెను. రక్తము సరిగా నున్నను ఇనుము నిల్వ తక్కువగా నుండవచ్చును. ఫెరిటిన్ పరీక్ష దానిని తెల్పును. ఈ రోగము గల పెద్దలలో అది మిల్లీలీటరునకు 75 నానోగ్రాములు మించనిచో ఇనుము ఇయ్యవచ్చునందురు. అయినను ఇనుమునకును కీడు కలదు: మలబద్ధము, కడుపునొప్పి, తలసీమియా వంటి జబ్బులు కలవారికి అది ఒంటిలో పేరుకొనును. కావున పరీక్ష లేనిదే మ్రింగరాదు.

దూలగొండి పొడి మన చెట్టుమందే కదా, హానియేమని కొందరందురు. అందున్నదియు లీవోడోపాయే, చెట్టునుండి వచ్చినంత మాత్రమున దాని గుణము మారదు. డోపమిన్ మందులు వాడుచున్నవారు ఈ వ్యాసము చదివి వాటిని హఠాత్తుగా మానరాదు, బాధ ఇనుమడించును. వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించుకొనవలెను. జలుబునకు, వాంతులకు, మనోవ్యాకులతకు వాడు మందులలో కొన్ని ఈ బాధను పెంచును గనుక వాటి పేర్లును ఆయనకు చెప్పవలెను.

మన యిండ్లలో రాత్రివేళ ఒంటరిగా వాకిట పచారు చేయు తల్లులు, అత్తలు కలరు. వారి బాధ ఊహ కాదు. దానికి పేరున్నది, మందున్నది. మందు మొదలుపెట్టిన నాడే కాక, ఆరునెలలకును, ఏడాదికిని తూచి చూచుకొనుట మన చేతిలోనున్నది. బాధ ఏ వేళకు మొదలగుచున్నదో వారినడిగి వ్రాసియుంచుదము. ఆ వేళ ముందునకు జరిగినచో వెంటనే వైద్యునకు తెలుపుదము.