తరంగంబాడి గోడలు



గడచిన వేసవిలో మా ఊరి విశ్వాసులు ముప్పది ఎనిమిది మంది ఒక బస్సు మాట్లాడుకొని, తమిళదేశములో సముద్రపు ఒడ్డుననున్న తరంగంబాడి పట్టణమును చూచి రావలెనని బయలుదేరిరి. కాపరినైన నన్నును వెంట రమ్మనిరి. ఆ యాత్రలో కన్నవి, విన్నవి మీతో చెప్పుకొనుటకు ఈ మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఒక సంగతి దాచక చెప్పవలెను. మా ఊరిలో ప్రభువు గుళ్లు రెండు. మాలపల్లెలో నొకటి, మాదిగపల్లెలో నొకటి. రెండింటికిని కాపరిని నేనే. బస్సు కదలునప్పటికి ముందు సీట్లలో ఒక పల్లెవారు, వెనుక సీట్లలో మరియొక పల్లెవారు కూర్చుండియుండిరి. ఎవరును అట్లు కూర్చుండుడని చెప్పలేదు. వంటపాత్రలు కూడ రెండు జతలు బస్సు మీదికెక్కినవి. నేను చూచియు చూడనట్లు ఊరకుంటిని. ఇన్ని సంవత్సరములుగా ఊరకుండుట నాకు అలవాటైనది.

చిదంబరము దాటి, దక్షిణముగా సముద్రతీరము వెంబడి పోగా, కారైక్కాలునకు కొంచెము ఇవతల తరంగంబాడి వచ్చును. అలలు పాడు చోటు అని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. ఐరోపావారి నోట అది ట్రాంక్విబార్ అయినది. 1620లో డెన్మార్కు రాజైన నాలుగవ క్రిస్టియన్ పంపిన ఓడలవారు తంజావూరు రఘునాథ నాయకునితో ఒడంబడిక చేసికొని ఈ స్థలము పొందిరి. వ్యాపారము కొరకు వచ్చినవారు గనుక సరకును, సొమ్మును కాపాడుకొనుటకు సముద్రము నానుకొని డాన్స్‌బోర్గ్ అను కోట కట్టిరి. తరువాత ఊరి చుట్టును గోడ లేచినది.

మేము బస్సు దిగి నడచి వెళ్లినది ఆ పట్టణపు గుమ్మము గుండనే. ఇప్పుడున్న గుమ్మము 1792లో కట్టినది. తెల్లని సున్నము పూసి, పైన డెన్మార్కు రాజముద్ర చెక్కియున్నది. గుమ్మము నిలిచియున్నదిగాని, దానికి ఇరుప్రక్కల సాగిన గోడ చాలవరకు లేదు. మా పిల్లలు గుమ్మములోనుండి ఒకసారి, ప్రక్కనుండి ఒకసారి పరుగెత్తి ఆడుకొనిరి. డెన్మార్కువారు 1845లో ఈ పట్టణమును ఇంగ్లీషు కంపెనీకి అమ్మివేసిరి. అంత కాపాడుకొనిన వ్యాపారము పోయెను, గోడయు పోయెను. సముద్రము కూడ తన పని తాను చేయుచునే యున్నది. ఒడ్డుననున్న మాసిలామణినాథుని కోవెలను 1306లో పాండ్య రాజు కట్టించెను. అందులో చాల భాగము నీటి పాలయినది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఇక్కడి జాలరుల ఇండ్లను ముంచి అనేకుల ప్రాణములు తీసెను. ఆ సంగతి విన్నప్పుడు మా స్త్రీలు తలమీది కొంగు సవరించుకొని మౌనముగా నిలిచిరి.

ఈ కోట పట్టణమునకే 1706 జూలై 9న ఇద్దరు యౌవనులు ఓడ దిగిరి. ఒకరు బర్తొలొమయస్ జీగెన్‌బాల్గ్, రెండవవారు హైన్రిక్ ప్లూచౌ. జర్మనీ దేశస్థులు, హాలే పట్టణములో చదివినవారు. డెన్మార్కు రాజైన నాలుగవ ఫ్రెడరిక్ వారిని సువార్త నిమిత్తము పంపెను. రాజు పంపినవారైనను ఇక్కడి గవర్నరు హాసియస్ వారిని ఆదరింపలేదు. సువార్త వచ్చినచో వ్యాపారమునకు చిక్కులు వచ్చునని కంపెనీవారి భయము. డేనులకు గోడ లోపల సీయోను దేవాలయము 1701 నుండియే యుండెను. అది వారికి చాలును, గోడ బయటివారి ఆత్మల మాట తమకేల అని వారి తలంపు.

జీగెన్‌బాల్గ్ వయస్సు అప్పటికి ఇరువది నాలుగు. తమిళము రాదు. ఆయన ఒక ముసలి పంతులుగారిని బ్రతిమాలి, ఆ బడిని తమ ఇంటికే రప్పించుకొని, చిన్నపిల్లల నడుమ నేలమీద కూర్చుండి, వ్రేలితో ఇసుకలో అక్షరములు దిద్దెను. మన తాతలును ఇసుకలోనే ఓనమాలు దిద్దిరి గదా. దొరలలో పుట్టినవాడు మన పిల్లల ప్రక్కన ఇసుకలో కూర్చుండుట చిన్న సంగతి కాదు. మరుసటి సంవత్సరము మే నెలలో మొదటి బాప్తిస్మములు జరిగెను. బాప్తిస్మము పొందిన ఐదుగురును డేనుల ఇండ్లలో దాసులు.

కోటలోనికి వెళ్లి, క్రింది గదులు చూచితిమి. మందమైన గోడలు, ఇరుకు చోటు, సముద్రపు హోరు. జీగెన్‌బాల్గ్‌ను చెరలో పెట్టినది ఈ కోటలోనే. ఒక మంగలి చనిపోగా, అతని అప్పు విషయమై అతని భార్యకు విరోధముగా తీర్పు వచ్చెను. ఆ బీద విధవరాలి పక్షమున జీగెన్‌బాల్గ్ పలుమార్లు మాటలాడెను. గవర్నరు కోపించి తన యెదుటికి రమ్మనెను. పిలుపును కాగితముమీద వ్రాసి పంపుడని ఆయన అడిగినందుకు సిపాయిలను పంపి పట్టించెను. 1708 చివరినుండి నాలుగు నెలలకు పైగా ఆయన ఇక్కడ బంధింపబడియుండెను. ఇది విని మా సంఘపు పెద్ద యొకరు, "విధవరాలి కొరకు జైలుకు పోయినాడా అయ్యగారూ!" అని గోడమీద చేయి వేసి నిలిచెను.

చెర విడిచిన తరువాత ఆయన పని ఆగలేదు. ఇంగ్లండులోని విశ్వాసులు అచ్చుయంత్రమును, హాలేలోని స్నేహితులు తమిళ అక్షరములను ఓడమీద పంపిరి. 1714లో సువార్తలును, అపొస్తలుల కార్యములును, 1715లో క్రొత్త నిబంధన అంతయు తమిళములో అచ్చయినవి. మన దేశభాషలలో అచ్చయిన మొదటి క్రొత్త నిబంధన ఇదియే. పాత నిబంధనను రూతు గ్రంథమువరకు అనువదించి, 1719 ఫిబ్రవరి 23న ఆయన ప్రభువునందు నిద్రించెను. వయస్సు ముప్పది ఆరు మాత్రమే.

తెలుగువారమైన మనకును ఈ ఊరి ఋణము కలదు. అదే సంవత్సరము ఇక్కడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అయ్యగారు తరువాత చెన్నపట్నము వెళ్లి, అక్కడ తెలుగువారిని చూచి, మన భాష నేర్చుకొనెను. 1727లో క్రొత్త నిబంధనను, 1732 నాటికి బైబిలు అంతటిని తెలుగులో వ్రాసి ముగించెను. ఆ బైబిలు అచ్చునకు నోచుకొనలేదు. అయినను 1746-47లో ఆయన హాలే పట్టణములో కొన్ని చిన్న తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరు చేరుటకు నూరు సంవత్సరములకు ముందే మన అక్షరములలో దేవుని మాట వ్రాయబడినదని చెప్పినప్పుడు మావారందరి ముఖములు వికసించినవి.

అంతవరకు సంతోషమే. అటుపిమ్మట రాజవీధిలోని నూతన యెరూషలేము దేవాలయములోనికి వెళ్లితిమి. 1718లో ప్రతిష్ఠింపబడిన గుడి అది. సిలువ ఆకారములో కట్టబడినది. జీగెన్‌బాల్గ్ సమాధియు, ఆయన తోడి పనివాడైన గ్రుండ్లర్ సమాధియు ఆ గుడి లోపలనే యున్నవి. అందరము మోకరించి ప్రార్థన చేసితిమి. అప్పుడు నేను చదివియుండి ఎన్నడును సంఘములో చెప్పని సంగతి చెప్పుటకు నాకు ధైర్యము కలిగెను.

పూర్వము ఈ గుడిలో విశ్వాసులు కులమునుబట్టి వేరువేరుగా కూర్చుండెడివారు. వెళ్లాళ మొదలగు కులములనుండి వచ్చినవారు ఒక ప్రక్క, పరయ కులమునుండి వచ్చినవారు మరియొక ప్రక్క. ఆ కాలములో రాజనాయకన్ అను ఉపదేశి యుండెను. కథోలిక కుటుంబమువాడు, తంజావూరు సైన్యములో పనిచేసినవాడు. ఇక్కడ అచ్చయిన సువార్తలు చదివి ఈ సంఘములో చేరి, దెబ్బలు, బెదిరింపులు సహించి, తంజావూరు సీమలో అనేకులకు ప్రభువును ప్రకటించెను. 1733లో ఆరోను అను వెళ్లాళుడు గురువుగా అభిషేకింపబడెను. ప్రొటెస్టంటు సంఘములో మన దేశస్థులలో మొదటి గురువు ఆయనే. రెండవ గురువు అవసరమైనప్పుడు రాజనాయకన్ పేరు వచ్చెను. కాని అతడు పరయ కులస్థుడు. అతని చేతినుండి ప్రభు భోజన సంస్కారము పుచ్చుకొనుటకు తక్కినవారు ఒప్పుకొనరని యెంచి, 1741లో దియోగో అను మరియొకరిని అభిషేకించిరి. రాజనాయకన్ ఉపదేశిగానే పనిచేసెను.

నేను చెప్పి ముగించితిని. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. అప్పుడు వెనుక వరుసలోనున్న ఒక ముసలామె, "అయ్యగారూ, బయట గోడ దాటొచ్చినోళ్లు గుడిలో గోడ కట్టుకున్నారా?" అని అడిగెను. అవునమ్మా అంటిని. ఆమె మరల, "మరి మనమో?" అనెను.

దానికి నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము తీసి చదివితిని. పౌలు చెప్పిన మధ్యగోడ అను మాట అక్కడివారు కన్నులార చూచినదే. యెరూషలేము దేవాలయపు ఆవరణములో అన్యులు దాటరాని అడ్డుగోడ యుండెను. దాటినవానికి మరణమని చెక్కిన రాయి 1871లో దొరకినది. ప్రభువు తన సిలువచేత అట్టి గోడను కూల్చెనని పౌలు చెప్పుచుండగా, నేను ప్రతి మాసము మొదటి ఆదివారమున ఒకే రొట్టెను, ఒకే పాత్రను పట్టుకొని మొదట ఒక పల్లెకును, పిమ్మట రెండవ పల్లెకును నడచుచున్నాను. ఎవరికి వారికి దగ్గరగా నుండును, సౌకర్యము అనుకొంటిని. ఆ గుడిలో నిలిచినప్పుడు నా సౌకర్యము నాకే సిగ్గు పుట్టించెను. నా తప్పును వారి యెదుటనే ఒప్పుకొంటిని.

మధ్యాహ్నము కోట యెదుట చెట్ల నీడలో భోజనములకు కూర్చుంటిమి. ఎప్పటివలెనే రెండు బంతులు. ఇంతలో ఆ ముసలామె తన పులిహోర గిన్నె పట్టుకొని లేచి, అవతలి బంతిలోనున్న తన యీడు స్త్రీ ప్రక్కన కూర్చుండి, "అక్కా, కాస్త మాది తిను, మీ పచ్చడి నాకు పెట్టు" అనెను. అవతలి ఆమె మొదట తటపటాయించి, తరువాత తన చేతితోనే ముద్ద కలిపి పెట్టెను. నలుగురైదుగురు లేచి కలసికొనిరి. అందరును లేవలేదు. ఒక పెద్దమనిషి తన ఆకు తీసికొని ఇంకను దూరముగా జరిగెను. ఉన్నది ఉన్నట్లు వ్రాయుచున్నాను.

తిరిగి వచ్చిన తరువాత రెండు సంఘముల పెద్దలను ఒకచోట కూర్చుండబెట్టితిని. మూడు రాత్రులు వాదములు జరిగెను. ఒకరిద్దరు నాతో మాటలాడుట మానిరి. చివరకు ఒక నిర్ణయమునకు వచ్చిరి. మూడు నెలలకొకసారి రెండు పల్లెలవారు కలసి ఒకే గుడిలో సంస్కారము పుచ్చుకొనవలెను, ఒకసారి ఈ గుడిలో, ఒకసారి ఆ గుడిలో. మొదటిసారి వచ్చినవారు సగముకంటె తక్కువ. ఆ సగమునకే నేను దేవుని స్తుతించితిని.

ప్రియులారా, తరంగంబాడి గుడికి ఆ పేరు పెట్టినవారు యోహాను చూచిన పట్టణమును తలంచుకొని పెట్టిరి. ప్రకటన గ్రంథము ఇరువది యొకటవ అధ్యాయము చదివి చూడుడి. ఆ పట్టణమునకును ఎత్తయిన గోడ కలదు. అయితే దానికి పండ్రెండు గుమ్మములు, అవి ఎన్నడును మూయబడవు. అక్కడికి చేరగోరు మనము మన ఊరి గుడి గుమ్మము ఎవరికి మూసి యున్నదో ఇప్పుడే చూచుకొనవద్దా? మీ ఊరిలోను ఇట్టి గోడ యున్నయెడల, మీ కాపరిని ముందుగా అడుగుడి. నావలె ఆయనయు ఎవరైన అడుగవలెనని ఎదురుచూచుచున్నాడేమో.

సిలువలో మనలను ఏకముచేసిన ప్రభువు తన సంఘములో మిగిలిన గోడలను కూల్చుటకు మనకు సిగ్గును, ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.