లొట్టె రైనిగర్

లొట్టె రైనిగర్ (జూన్ 2, 1899 - జూన్ 19, 1981) జర్మనీకి చెందిన యానిమేషన్ చిత్రాల దర్శకురాలు. నేటికీ లభ్యమవుతున్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో మొట్టమొదటిదైన "ద అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్" (1926) ఈమె రూపొందించినదే. వాల్ట్ డిస్నీ "స్నోవైట్" ఆ తరువాత 11 సంవత్సరాలకు, 1937లో వెలువడింది. అయినప్పటికీ తొలి చిత్రమన్న ఖ్యాతి తరచుగా దానికే దక్కుతున్నది.

== జీవితం, కృషి ==
రైనిగర్ బెర్లిన్‌లో జన్మించింది. చైనా ఛాయాబొమ్మలాట పట్ల చిన్ననాటి నుండే మక్కువ కలిగి ఉండేది. 1918లో పాల్ వెజెనర్ తీసిన ఒక చిత్రంలో నిజమైన ఎలుకలు చెప్పినట్లు నడవకపోవడంతో, కొయ్య ఎలుకలను కొద్దికొద్దిగా జరుపుతూ చిత్రీకరించింది. 1921లో కార్ల్ కోచ్‌ను వివాహమాడింది. ఈమె చిత్రాలకు కెమెరా బాధ్యత ఎక్కువగా ఆయనదే.

ప్రిన్స్ అహ్మద్ కథకు అరేబియన్ నైట్స్ ఆధారం. నిర్మాణానికి 1923 నుండి మూడేళ్లు పట్టింది.

== బొమ్మల తయారీ ==
నల్ల అట్టను కత్తెరతో కత్తిరించి, పలుచని సీసపు రేకులు జోడించి, కీళ్లవద్ద తీగతో బిగించేవారు. క్రింద దీపమున్న గాజుబల్లపై బొమ్మను పరచి, కాస్త కదిపి, పైనుండి ఒక్కొక్క చిత్రం తీసేవారు. దూరపు దృశ్యాలకు గాజుపలకలను అంతస్తులుగా అమర్చారు. డిస్నీ సంస్థ మల్టీప్లేన్ కెమెరా రావడానికి ఇది పూర్వమే. కీళ్ల అమరికలో ఇవి తెలుగువారి తోలుబొమ్మలను పోలి ఉన్నా, వాటివలె రంగులు ప్రసరింపజేయవు. నల్లని నీడగానే కనిపిస్తాయి.

1945లో బెర్లిన్ యుద్ధంలో ప్రిన్స్ అహ్మద్ మూల నెగటివ్ నాశనమైంది. ఇతర ప్రతుల ఆధారంగా చిత్రాన్ని పునరుద్ధరించారు. 1949లో రైనిగర్ దంపతులు లండన్‌లో స్థిరపడ్డారు.