ఎంజైములతో చక్కెర ఎస్టర్ల తయారీ

చక్కెర అణువులోని ఒక హైడ్రాక్సిల్ సమూహానికి కొవ్వు ఆమ్లం తగులుకుంటే వచ్చేది చక్కెర ఎస్టరు. ఒక కొసన నీటితో చెలిమి చేసే చక్కెర, రెండో కొసన నూనెతో కలిసే పొడుగాటి కార్బన్ గొలుసు ఉండటంతో ఇది నూనెనూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఐస్‌క్రీములు, కేకులు, క్రీములు, లేపనాలలో దీన్ని వాడేది అందుకే. ఆహారంలో వాడే సుక్రోజ్ ఎస్టర్ల ఐరోపా సంకేతం ఇ 473. కొవ్వులను విడగొట్టే లైపేజ్ ఎంజైములతో వీటిని చేయవచ్చని తేలి నలభై ఏళ్లు దాటినా, బజారులోని సరుకులో అత్యధిక భాగం ఇప్పటికీ రసాయన పద్ధతిలో తయారైనదే. ఎంజైము ఖరీదే దీనికి కారణమని సమీక్షా వ్యాసాలు తరచుగా చెబుతాయి. అది కొంతవరకే నిజం. అందుబాటులో ఉన్న ఆధారాలను కలిపి చదివితే అసలు చిక్కు ఉత్ప్రేరకంలో లేదు. నీటిలో తప్ప చాలా ద్రవాల్లో సరిగా కరగని చక్కెరనూ, నీటిలో కరగని కొవ్వునూ, నీరు పేరుకోకూడని పాత్రలో కలపాల్సి రావడంలో ఉంది.

రసాయన పద్ధతి కూడా ఈ చిక్కుతోనే మొదలైంది. 1950ల మధ్యలో అమెరికాలో ఫాస్టర్ స్నెల్, లాయిడ్ ఆసిపో బృందం సుక్రోజ్‌నూ కొవ్వు ఆమ్లపు మిథైల్ ఎస్టరునూ డైమిథైల్ ఫార్మమైడ్‌లో కరిగించి, పొటాషియం కార్బొనేట్ ఉత్ప్రేరకంతో చర్య జరిపింది. 1956లో వెలువడిన ఆ పనిని ఈ రంగానికి పునాదిగా చెబుతారు. పరిశ్రమ స్థాయిలో దీన్ని నిలబెట్టింది ప్రధానంగా జపాన్ సంస్థలు. రెండింటినీ కరిగించే ద్రావణి దొరికింది గానీ, అది తిండిలో ఉండదగినది కాదు. అందుకే ఐరోపా ప్రమాణాలు తుది సరుకులో కిలోకు 1 మిల్లీగ్రాముకు మించి దాన్ని అనుమతించవు. తర్వాత ప్రొపిలీన్ గ్లైకాల్‌తోనూ, ద్రావణి లేకుండానూ చేసే పద్ధతులు వచ్చాయి. వేడి పెంచితే చక్కెర రంగు మారి పాకంలా మాడటం, ఎస్టర్లు కలగాపులగంగా ఏర్పడటం మాత్రం పూర్తిగా తప్పలేదు. సుక్రోజ్‌లో ఎనిమిది హైడ్రాక్సిళ్లు ఉన్నాయి. క్షారం వాటి మధ్య పెద్దగా తేడా చూడదు. ఫలితంగా ఏక, ద్వి, త్రి ఎస్టర్లూ, ఒక్కో రకంలో అనేక స్థాన సాదృశ్యాలూ ఒకే పీపాలో చేరతాయి.

ఎంజైము మార్గం ఎప్పుడు మొదలైందనే విషయంలో రెండు కథనాలున్నాయి. జపాన్‌కు చెందిన సీనో, సహచరులు 1984లోనే కాండిడా సిలిండ్రేసియా లైపేజ్‌తో సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సార్బిటాల్ ఎస్టర్లను నీటి మాధ్యమంలో చేసినట్టు ప్రకటించారు. (ఆ శిలీంధ్రాన్నే తర్వాతి వ్యాసాలు ఎక్కువగా కాండిడా రుగోసా అంటాయి. పాత ఫలితాలను కొత్తవాటితో పోల్చేవారు ఈ పేరు మార్పును గమనించాలి.) రెండో కథనం ఎంఐటీకి చెందిన అలెగ్జాండర్ క్లిబనోవ్ ప్రయోగశాలతో మొదలవుతుంది. పంది క్లోమపు లైపేజ్ పొడి సేంద్రియ ద్రవంలో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి పనిచేస్తుందని జాక్స్, క్లిబనోవ్ 1984లోనే చూపారు. అదే వేడికి నీటిలో ఆ ఎంజైము వెంటనే చచ్చిపోతుంది. 1986లో తెరిసో, క్లిబనోవ్ ఇదే లైపేజ్‌తో పిరిడిన్‌లో గ్లూకోజ్‌కు 6వ స్థానంలో ఆమ్ల సమూహాన్ని తగిలించారు. తేదీ ప్రకారం సీనో బృందం ముందుంది. అయితే ఎస్టరు ఏ స్థానంలో ఏర్పడిందనే ప్రశ్నను రంగం మధ్యకు తెచ్చినది, తర్వాతి పరిశోధన అంతా అనుసరించినది రెండో దారి. అందుచేత ఆరంభాన్ని 1986 దగ్గర గుర్తించడమే సబబుగా కనిపిస్తుంది.

స్థానం ఎంచుకోవడం ఎలా సాధ్యమో కాండిడా అంటార్క్‌టికా లైపేజ్-బి దగ్గర బాగా తెలుస్తుంది. అంటార్క్‌టికాలోని వాండా సరస్సు అడుగు మట్టి నుంచి వేరుచేసిన ఈస్టు దీనికి మూలం. వర్గీకరణలో ఆ ఈస్టు పేరు రెండుసార్లు మారినా ఎంజైముకు పాత పేరే నిలిచింది. 1994లో దీని స్ఫటిక నిర్మాణం తెలిసింది. ఇరుకైన గుంట అడుగున 105వ స్థానంలో సెరిన్, పక్కనే 224వ స్థానంలో హిస్టిడిన్, 187వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటాయి. కొవ్వు ఆమ్లం ముందు సెరిన్‌కు అంటుకుని నీటిని వదులుతుంది. అలా బరువెక్కిన ఎంజైము దగ్గరకు చక్కెర వస్తుంది. గుంట ఇరుకు కావడంతో ఉంగరానికి నేరుగా అతుక్కున్న ద్వితీయ హైడ్రాక్సిళ్లు సెరిన్ దాకా చేరడం కష్టం. ఉంగరం బయటికి కొమ్మలా చాచి ఉన్న 6వ కార్బన్ హైడ్రాక్సిల్ మాత్రం సులువుగా చేరి ఆ కొవ్వు ఆమ్లాన్ని తీసుకుపోతుంది. గ్లూకోజ్‌లో అలాంటి చోటు ఒక్కటే. సుక్రోజ్‌లో ప్రాథమిక హైడ్రాక్సిళ్లు మూడు. ఎంజైముల స్వభావాల్లోని తేడా ఇక్కడే బయటపడుతుంది. థెర్మోమైసిస్ లానుజినోసస్ లైపేజ్ గ్లూకోజ్ సగంలోని 6వ చోటును కోరుతుంది. సబ్టిలిసిన్ అనే ప్రోటియేజ్ ఫ్రక్టోజ్ సగంలోని 1వ చోటును కోరుతుందని 1988లో క్లిబనోవ్ బృందమే చూపింది. రసాయన చర్యకు అన్నిటికన్నా అయిష్టంగా లొంగే ప్రాథమిక హైడ్రాక్సిల్ అదే కావడం గమనించదగ్గది.

ఇంత నేర్పున్న ఉత్ప్రేరకం చేతిలో ఉన్నా పాత్రలో పని ఎందుకు సాగదో లెక్క వేసి చూడవచ్చు. 180 గ్రాముల గ్లూకోజ్, 200 గ్రాముల లారిక్ ఆమ్లం పూర్తిగా కలిస్తే సుమారు 362 గ్రాముల ఎస్టరు, 18 గ్రాముల నీరు వస్తాయి. ఆ కాస్త నీరు అక్కడే ఉండిపోతే చర్య వెనక్కి మళ్లుతుంది, ఎందుకంటే ఎస్టరును కోయడమే లైపేజ్ పుట్టు పని. పూర్తిగా ఎండగట్టినా ఇబ్బందే. ఎంజైము అణువు కదలికకు కొద్దిపాటి తేమ కావాలి. నీటిని పీల్చే జల్లెడ ఖనిజాలు వేయడం, శూన్యపీడనం పెట్టడం, పొరల గుండా ఆవిరిని తీయడం వంటి ఏర్పాట్లన్నీ ఈ తేమను అదుపులో ఉంచడానికే. రెండో ఇబ్బంది కరుగుదల. ఎంజైముకు హాని చేయని టెర్షియరీ బ్యూటనాల్‌లో గ్లూకోజ్ లీటరుకు కొద్ది గ్రాములకు మించి కరగదు. చక్కెరను బాగా కరిగించే డైమిథైల్ సల్ఫాక్సైడ్ ఎక్కువైతే చాలా ఎంజైములు నీరసిస్తాయి.

ఈ ఇబ్బందులకు దొరికిన పరిష్కారాల్లో రెండు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. 1989లో నోవో నార్డిస్క్‌కు చెందిన బ్యోర్క్‌లింగ్, గాట్‌ఫ్రెడ్సెన్, కిర్క్ చక్కెరనే మార్చారు. ఇథైల్ గ్లూకోసైడ్‌ను తీసుకుని, ద్రావణి లేకుండా, 70 డిగ్రీల దగ్గర కరిగిన కొవ్వు ఆమ్లంతో కలిపి, శూన్యంలో నీటిని లాగేస్తే 6వ స్థానపు ఏక ఎస్టరు 90 శాతానికి అటూఇటూగా వచ్చింది. రెండోది 1990లలో స్టుట్‌గార్ట్‌లో సావో, బోర్న్‌షాయర్, ష్మిడ్, స్పెయిన్‌లో ఆర్కోస్, ఒటేరో తదితరులు సాగించిన మార్గం. ఇందులో చక్కెరను పూర్తిగా కరిగించాలన్న పట్టుదలే వదిలేశారు. అసిటోన్ వంటి ద్రవం కొద్దిగానే ఉంటుంది. గ్లూకోజ్ ఎక్కువ భాగం పొడిగానే ఉండి కొంచెం కొంచెంగా కరుగుతూ చర్యకు అందుతుంది. ఏర్పడిన ఎస్టరు ఆ ద్రవంలో నిలవలేక తెల్లటి స్ఫటికాలుగా అడుగున దిగుతుంది. దిగిపోయిన అణువును ఎంజైము మళ్లీ ముట్టదు కాబట్టి ద్వి ఎస్టర్లు తగ్గుతాయి, సమతౌల్యమూ ముందుకే జరుగుతుంది. ఒకే ఒక్క చిక్కు మిగులుతుంది. ఎంజైమును మోసే రెసిన్ పూసలు మిల్లీమీటరులో మూడో వంతు నుంచి ఒక మిల్లీమీటరు లోపు ఉంటాయి. స్ఫటికాలు వాటి మీదా, వాటి రంధ్రాలలోనూ పేరుకుంటే పూసలను విడదీసి మళ్లీ వాడుకోవడం కష్టమవుతుంది.

ఖరీదు వాదానికి సమాధానం సౌందర్య సాధనాల పరిశ్రమ ఇస్తుంది. ఇదే లైపేజ్-బితో మిరిస్టైల్ మిరిస్టేట్ వంటి లేపన ఎస్టర్లు పరిశ్రమ స్థాయిలో తయారవుతున్నాయి. ఆమ్లం, ఆల్కహాల్ రెండూ కరిగి ఒక్కటిగా కలిసిపోయే చోట ఎంజైము తన ధరను తానే రాబట్టుకుంటోంది. ధరే అడ్డమైతే అక్కడా ఆగిపోవాలి. వినైల్ ఎస్టర్లు వాడితే నీటి బెడద తప్పుతుందనేది మరో వాదన. నిజమే, వెలువడే వినైల్ ఆల్కహాల్ అసిటాల్డిహైడ్‌గా మారి చర్య వెనక్కి మళ్లకుండా చేస్తుంది. అయితే ఆ ఆల్డిహైడ్ కొన్ని లైపేజ్‌ల లైసిన్‌లను దెబ్బతీస్తుంది, వినైల్ ఎస్టర్ల ధర కొవ్వు ఆమ్లాల ధరకు దరిదాపుల్లో కూడా లేదు. ఇక కరుగుదల చిక్కు విషయానికొస్తే, 2001లో పార్క్, కజ్లాస్కాస్ అయానిక ద్రవాల్లో (ద్రవంగా ఉండే లవణాల్లో) గ్లూకోజ్ అసిటైలేషన్‌ను మెరుగుపరిచారు. ఆ తర్వాత కోలీన్ క్లోరైడ్ మిశ్రమాలూ పరీక్షకు వచ్చాయి. అవి చక్కెరను కరిగిస్తాయి గానీ చిక్కగా ఉండి పదార్థాల కదలికను నెమ్మదింపజేస్తాయి, సరుకును వాటి నుంచి తీయడం మరో పనిగా మిగులుతుంది.

వీటికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆహార తయారీదారు కొనేది ఫలానా స్థానపు అణువును కాదు, సరుకు నీటి వైపు ఎంత, నూనె వైపు ఎంత మొగ్గుతుందో చెప్పే, 1 నుంచి 16 దాకా ఉండే హెచ్‌ఎల్‌బీ విలువను. నూనె, నీటి పొత్తు కుదిర్చే పనిని కలగాపులగపు సరుకు కూడా చక్కగా చేస్తున్నప్పుడు ఎంజైము నేర్పు ఎవరికి కావాలి? ఆ వాడకం వరకు ఈ ప్రశ్న న్యాయమైనదే, రసాయన పద్ధతి నిలబడటానికి ఇది కూడా ఒక కారణం. స్థానమే విలువైన చోట మాత్రం లెక్క మారుతుంది. తీపి పదార్థమైన సుక్రలోజ్ తయారీలో గ్లూకోజ్ సగంలోని 4వ స్థానంలోనూ, ఫ్రక్టోజ్ సగంలోని 1, 6 స్థానాల్లోనూ క్లోరిన్ చేరాలి, గ్లూకోజ్ సగంలోని 6వ స్థానాన్ని మాత్రం ఒక ఎస్టరు కాపాడాలి. అక్కడ 6వ స్థానపు ఎస్టరు మాత్రమే పనికివస్తుంది. లైపేజ్‌లతో దాన్ని నేరుగా చేయడంపై అందుకే పని జరుగుతోంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో కొవ్వు ఆమ్లాలకు బదులు ఫినైల్ అలనిన్ వంటి అమైనో ఆమ్లాలను గ్లూకోజ్‌కు లైపేజ్‌తో తగిలించిన పని కూడా నూనె, నీటి పొత్తుకు వెలుపల ఈ పద్ధతిని ప్రయత్నించినదే.