పెద్దరోగము నుండి గాలికుంటు వఱకు

కాడి యెద్దు కూలినచో రైతునకు ఆ యేటి సేద్యము కూలినట్లే. అట్టి యెద్దులను మందలు మందలుగా బలిగొన్న వ్యాధిని తెలుగువారు పెద్దరోగమనిరి. పాశ్చాత్యులు రిండర్‌పెస్ట్ అనిరి.

పశురోగ పరిశోధనకై 1889లో పూనాలో స్థాపింపబడిన ప్రయోగశాల 1893లో హిమాలయ ప్రాంతమందలి ముక్తేశ్వరమునకు తరలింపబడెను. 1897లో రాబర్ట్ కాక్ పండితుడు అచటికి వచ్చెను. కోలుకొన్న పశువు రక్తరసమును ఎక్కించుటయే తొలినాటి చికిత్స. దాని రక్షణ కొలది దినములదే. 1920ల దశకమున ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఆ వైరసును మేకల దేహములలో పలుమారులు పెంచి, పశువుల యెడ దాని తీవ్రతను తగ్గించి టీకాగా మార్చెను. పిమ్మట వాల్టర్ ప్లోరైట్ కెన్యాలో జీవకణములలో పెంచిన వైరసుతో మఱింత సాధువైన టీకాను సిద్ధపఱచెను. భారతదేశమున 1954లో జాతీయ నిర్మూలన పథకము ప్రారంభమయ్యెను. 1995 తరువాత ఇచట ఆ వ్యాధి కనబడలేదు. 2011లో ప్రపంచమే దాని నుండి విముక్తమైనదని ప్రకటింపబడెను. మశూచి తరువాత మానవుడు సమూలముగా తొలగించిన వ్యాధి ఇది యొక్కటియే.

ఇందొక విశేషము కలదు. 1988లో తిలహున్ యిల్మా, ఆయన సహచరులు పెద్దరోగపు వైరసు నుండి ఒక్కొక్క జన్యువును మాత్రము గ్రహించి, మశూచి టీకాకు వాడు వైరసులో చేర్చి, పశువులకు రక్షణ కల్పింపవచ్చునని నిరూపించిరి. కాని వ్యాధిని తుదముట్టించినది ఆ నూతన టీకా కాదు. ఊరూర తిరిగిన టీకాదారుల చేతిలోని పాత టీకాయే.

అట్లని జన్యువిద్య వ్యర్థమని తలపరాదు. గాలికుంటు వ్యాధి ఇంకను మిగిలియున్నది. అది వైరసు వలన కలుగునని 1898లో లోఫ్లర్, ఫ్రోష్ కనుగొనిరి. ఆ వైరసులో ఏడు తెగలు కలవు. ఒక తెగకు వేసిన టీకా మఱియొక తెగను ఆపజాలదు. రక్షణయు కొన్ని మాసములే. పైగా టీకా తయారీకై సజీవ వైరసును రాశులుగా పెంచి, పిదప చంపవలయును. 2007లో ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ పరిశోధనా స్థలము నుండి అట్టి వైరసే వెలువడి పరిసరపు పశువులకు సోకెను. వైరసును పెంచకయే దాని మాంసకృత్తును మాత్రము బాక్టీరియాలలో ఉత్పత్తి చేయు ప్రయత్నము 1981లో అమెరికాలో జరిగెను. వైరసు యొక్క ఖాళీ కవచమును మాత్రమే పశుదేహమున పుట్టించు టీకాకు 2012లో అచట షరతులతో అనుమతి లభించెను. కవచము ఖాళీ యగుటచే అది వృద్ధిపొంది రోగము కలిగింపజాలదు. టీకా పొందిన పశువును రోగము సోకిన పశువు నుండి వేఱుగా గుర్తింపను వచ్చును.

జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి 1982లో హైదరాబాదున నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ గాలికుంటు టీకాను తయారుచేయుచున్నది. 2019లో దేశవ్యాప్తమైన టీకా పథకము ఆరంభమయ్యెను.

అండమాను దీవులకు సముద్రమే కంచె. కాని ఫీనిక్స్ బే వంటి రేవులు ఆ కంచెలోని తలుపులు. పశువుతోపాటు రోగమును ఓడ దిగవచ్చును. టీకా పాతదైనను క్రొత్తదైనను, రేవున పరీక్షించు కన్నును, కడపటి కొట్టము వఱకు నడచు కాలును లేనిచో అది సీసాలోనే మిగిలిపోవును. పెద్దరోగము అంతరించిన చరిత్ర తెలుపునది ఇదియే.